మాస్టరు గుప్పెడు

జూన్ 3, సోమవారం

నీ రొట్టె బాగాలేదని నీ మొహం మీద చెప్పిన మనిషిని ఆఖరిసారి ఎప్పుడు చూశావు? చెప్పు. ఆదివారం ప్రార్థన హాల్లో మైకు పట్టుకుని జనాన్ని నిలదీస్తావే, ఇవాళ నిన్ను నువ్వే నిలదీసుకో.

నాకు గుర్తు రావడం లేదు. బేకరీకి మాస్టరునయ్యాక ఒక్కరూ అనలేదు. అంటే నా రొట్టె ఎప్పుడూ బాగున్నట్టా? అంత బాగుండడానికి నేనేమైనా ఆకాశం నుంచి దేవుడి రొట్టె మన్నా కురిపిస్తున్నానా?

జ్వరం తగ్గి ఇవాళే మళ్ళీ పనిలోకి వెళ్ళాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల వాదన. బట్టీ చూసే మా బావమరిది గొంతు, పిండి కలిపే పెద్దమ్మ గొంతు. నేను లోపల అడుగు పెట్టగానే రెండూ ఆగిపోయాయి. మిక్సరు చప్పుడొక్కటే మిగిలింది.

"ఏంటి గొడవ?" అన్నాను.

"ఏం లేదు మాస్టారూ, అంతా బానే ఉంది," అన్నారిద్దరూ ఒక్కసారే.

అప్పుడే పరిశుద్ధ గ్రంథంలోని ఒక రాజు గుర్తొచ్చాడు. యుద్ధానికి పోనా అని అడిగితే నాలుగు వందలమంది ప్రవక్తలు పో, గెలుస్తావు అన్నారు. ఒక్కడే కాదన్నాడు. వాడి చెంప పగలగొట్టి, చెరసాలలో పడేసి, చాలీచాలని రొట్టె, చాలీచాలని నీళ్ళు పెట్టారు. రాజు యుద్ధానికి పోయాడు. బాణం దిగింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! చెప్పిన ప్రతిసారీ ఆ ఒక్కడూ నేనే అనుకున్నాను. ఆ రాజు నేనేనేమోనన్న ఆలోచన ఇవాళ మొదటిసారి వచ్చింది.

మామూలు రొట్టె అయితే పోనీలే అనుకోవచ్చు. ఈ నెల నుంచి పెద్దాసుపత్రికి ఉప్పు తక్కువ రొట్టె మన దగ్గర్నుంచే పోతోంది. గుండె జబ్బువాళ్ళు, కిడ్నీ జబ్బువాళ్ళు తినేది. అక్కడి వంటశాల ఇన్‌ఛార్జి మొదట్లోనే చెప్పాడు: "ఉప్పు పెరిగితే మా రోగికి కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు. మీకు పోయేది ఆర్డరే మాస్టారూ. మాకు మనిషే పోతాడు."

అలాంటి రొట్టె చేసే చోట నన్ను కాదనే నోరు ఒక్కటైనా ఉండొద్దా?

జూన్ 4

పాత పిండి తొట్టి మూతకి చిల్లు పెట్టి, బట్టీ పక్కన తీగతో వేలాడదీశాను. పక్కనే ఒక గరిటె. అందర్నీ పిలిచి చెప్పాను: నేను తప్పు చేస్తే, తప్పు చెప్తే, ఈ మూత కొట్టండి. కొట్టినవాళ్ళని ఏమీ అనను. ప్రభువే సాక్షి. ప్రవక్త దారి తప్పితే గాడిద నోరు తెరిచి చెప్పింది, మీరు చెప్పలేరా?

"అంటే మేం గాడిదలమా?" అంది ప్యాకింగ్ వదిన. ఆమె ఎవరికీ సొంత వదిన కాదు, అందరికీ వదినే.

"కాదమ్మా, ప్రవక్త కన్నా మీకే ఎక్కువ కనిపిస్తుందని."

"ఎంత గట్టిగా కొట్టొచ్చు?" అన్నాడు బావమరిది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచి ఆరంభం.

జూన్ 6

మూత మోగలేదు.

జూన్ 7

మోగలేదు. మధ్యలో ఒకసారి టంగుమంటే పరిగెత్తుకెళ్ళాను. వదిన గరిటె తీసి కడుగుతోంది. "దుమ్ము పట్టింది మాస్టారూ," అంది.

ఇంట్లో కూరలో ఉప్పు లేదు. మా ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నేను వేసుకుంటుంటే చేతిలోంచి లాక్కుపోయింది. "చాలు," అంది. ఈమధ్య వంట మీద ఆవిడ మనసు నిలవడం లేదు. ఏం దిగులో అడగాలి.

జూన్ 8

మూత కొట్టినవాళ్ళకి ఒక పెద్ద రొట్టె బహుమానం అని ప్రకటించాను. జనాన్ని కదిలించాలంటే ఏదో ఒకటి చూపించాలి. హాల్లో కూడా అంతే కదా.

జూన్ 9, ఆదివారం

హాల్లో ఆ నాలుగు వందలమంది ప్రవక్తల మీదే చెప్పాను. నిప్పు కురిసింది. పెద్దల మాటకి తలూపేవాళ్ళారా, తలూపడం మానండి అన్నాను. అందరూ తలూపారు.

దీని గురించి ఆలోచించాలి.

జూన్ 10

ఇవాళ మూతకి ఊపిరి తీసుకునే తీరిక లేదు! బావమరిది కొట్టాడు: నా చొక్కా బేకరీకి మరీ తెల్లగా ఉందట, పిండి ఎక్కడ అంటిందో కనిపించడం లేదట. రొట్టె తీసుకున్నాడు. వ్యాను డ్రైవరు కొట్టాడు: నేను రోజూ ఒకే సామెతలాంటి మాటతో పని మొదలుపెడుతున్నానట. రొట్టె. వదిన కొట్టింది: నేను పాటలు ఈల వేస్తుంటే ప్యాకెట్ల లెక్క తప్పుతోందట.

ఈల విషయంలో మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను. రాజైనవాడు దేవుడి మందసం ముందు నాట్యమాడితే కిటికీలోంచి చూసి మూతి తిప్పుకున్న ఆమె కథ చెప్పాను, స్తుతికీ లెక్కకీ తేడా చెప్పాను. క్లుప్తంగానే. ఈలోపు తొట్టిలో పిండి పొంగి అంచు దాటి నేల మీదికి కారింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ మూత కొట్టలేదు. విచిత్రం. దాని ముందే నిలబడి, అందరూ నన్నే చూస్తున్నారు.

జూన్ 12

రాయకుండా ఉండలేను. ఇవాళ పెద్దమ్మ మూత కొట్టింది!

పెద్దమ్మ అంటే ఎవరు? నేను ఈ బేకరీలో చేరిన రోజు నాకు ముద్ద చెయ్యడం నేర్పిన మనిషి. రొట్టె కోసం కొట్టే మనిషి కాదు. నేను ఆసుపత్రి పిండి రుచి చూసి, రోజూలాగే చప్పగా ఉంటే, గుప్పెడు ఉప్పు వేసి చెయ్యి దులుపుకుంటున్నాను. ఉప్పుకి నేను కాటా వాడను. పచ్చిపిండి చిటికెడు నాలుక మీద పెట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది. అందరూ మెచ్చుకునే నా పనితనం అదే. అప్పుడు టంగ్! చూస్తే పెద్దమ్మ.

"బాబూ, ఈ ఉప్పు సంగతి," అంది.

ఆ ఒక్క మాట చాలు. ఉప్పు! సారం పోయిన ఉప్పు దేనికి పనికొస్తుంది, వీధిలో పారబొయ్యడానికి తప్ప! ఏ తయారీ లేకుండా వాక్యం పొంగుకొచ్చింది. లోకానికి మనం ఉప్పు కావాలి, చప్పబడ్డ మనుషులు వద్దు, అందరికీ సరే అనే నాలుక చప్పబడ్డ నాలుక అని చెప్పాను. బావమరిది మొహం తుడుచుకున్నాడు. వదిన నేల చూపులు చూసింది. పెద్దమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాక్యం ఆమెని అంతగా తాకింది.

ఇది హాల్లో కూడా చెప్పాలి.

జూన్ 13

మూత మోగలేదు.

జూన్ 14

మోగలేదు. బహుమానం ఉన్నా మోగలేదు. మొన్న అంత ప్రసంగం తర్వాత కూడా! ఇది కోపం తెప్పించాల్సిన విషయమే కానీ నాకు కోపం రావడం లేదు, తెలుసుకోవాలని ఉంది. పొయ్యి ఎందుకు ఆరిందో చూడాలంటే ముందు మూత తియ్యాలి కదా.

టీ దగ్గర బావమరిదిని పక్కకి లాగాను. వాడు మా ఆవిడకి తమ్ముడు, పైగా చిన్నప్పటినుంచి నా ముందు నోరు దాచుకున్నవాడు కాదు.

"ఏరా, ఎందుకు కొట్టడం లేదు ఎవరూ?"

"కొడితే నువ్వు చెప్తావు బావా."

"చెప్పొద్దా మరి? ఎవరైనా ఒక మాట అంటే జవాబు చెప్పకపోతే లెక్కచెయ్యనట్టు కాదా?"

"చెప్పాలిలే." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "నువ్వు చెప్పడం అయ్యేదాకా పిండి ఆగదు, అంతే."

పిండి ఆగకపోవడానికీ వీళ్ళు మాట్లాడకపోవడానికీ ఏం సంబంధం? రెండుసార్లు రాసుకున్నాను. పిండి ఆగదు. పిండి ఆగదు.

జూన్ 15

ఇంట్లో ఆవిడని అడిగాను, నేను ఎవరి మాటా విననని అనుకుంటున్నారా అని.

"వింటారు," అంది. "కానీ వింటున్నప్పుడు మీ పెదాలు కదులుతుంటాయి."

"కదిలితే?"

"చూడండి, ఇప్పుడు కూడా."

అద్దం ముందు నిలబడి ఎవరో నాతో మాట్లాడుతున్నట్టు ఊహించుకున్నాను. కదలడం లేదే.

జూన్ 17, సోమవారం

పెద్దమ్మకి కంటి ఆపరేషన్. వారం రోజులు రాదు. పిండి వదిన కలుపుతుంది. వెళ్ళేముందు పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. మూత కొట్టలేదు, దాని వంక చూసింది, అంతే.

"బాబూ, నేను వచ్చేదాకా ఆసుపత్రి పిండి రుచి చూడకు. కాటాకే వదిలెయ్యి."

"పెద్దమ్మా, నాలుక దేవుడిచ్చిన కాటా," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. కంటి గురించి భయపడుతోంది పాపం. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాను.

జూన్ 18

వదిన బాగానే కలిపింది. తూకం వేసి మరీ వేసింది ఉప్పు. అయినా చప్పగానే ఉంది. గుప్పెడు వేశాను. ఆమె నోరు తెరిచి మూసుకుంది. రొట్టె వెళ్ళింది.

జూన్ 19

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఆసుపత్రి ఇన్‌ఛార్జి తనే వ్యానులో వచ్చాడు. నిన్నటి ట్రేలన్నీ దించాడు. ఒక్క రొట్టె కూడా రోగులకి పెట్టలేదట. "ముందు నేనొక ముక్క నోట్లో వేసుకునే అలవాటు ఉండబట్టి సరిపోయింది. ఉప్పు డబ్బాలో నాలుక పెట్టినట్టుంది. వార్డులోకి పోయుంటే?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

బేకరీ ఓనరు దిగొచ్చాడు. "పిండి కలిపిందెవరు?"

"నేనేనండీ," అంది వదిన. "చెయ్యి జారిందేమో."

"శుక్రవారం మధ్యాహ్నం నేను ఆసుపత్రికెళ్ళి సంజాయిషీ ఇవ్వాలి. తప్పు చేసినవాళ్ళని తీసేశాం అని చెప్తేనే ఆర్డరు నిలుస్తుంది," అని నా వైపు తిరిగి, "ఏమంటారు మాస్టారూ?" అన్నాడు.

"మీ ఇష్టమండీ," అన్నాను.

ఆయన వెళ్ళాక వదినకి బుద్ధి చెప్పడం మొదలుపెట్టాను. అజాగ్రత్త గురించి. నూనె లేకుండా దీపాలు పట్టుకుని నిద్రపోయిన కన్యల కథ దగ్గరికి వచ్చానో లేదో, మూత మోగింది. టంగుమని కాదు, బట్టీ పేలినట్టు. తీగ తెగి మూత నేల మీద దొర్లింది. గరిటె బావమరిది చేతిలో ఉంది.

"బావా, ఒక్క మాట కూడా అనకు. ఇవి తిను."

రెండు ముక్కలు నా అరచేతిలో పెట్టాడు. ఒకటి తిన్నాను. రెండోది తిన్నాను.

"ఒకటి ఇందాక వెనక్కొచ్చింది. ఇంకొకటి మొన్నటి మంచిది. ఏది ఏదో చెప్పు."

అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఇన్నేళ్ళు ఎందరి కళ్ళు నా నోటి మీద పడ్డాయో, ఇలా మాత్రం ఎప్పుడూ పడలేదు. నమిలాను. మళ్ళీ నమిలాను.

రెండూ ఒకటే.

జూన్ 20

రెండూ ఒకటే.

ఇంట్లో చెంచాడు ఉప్పు నోట్లో వేసుకున్నాను. ఇసుక. మొదట ఇసుక, తర్వాత చిన్న మంట. రుచి లేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జ్వరం నుంచి."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. ఉప్పు సరిగ్గానే ఉందండీ, మీకే తెలియడం లేదు అన్నాను. మీరు నాకేదో దిగులు పట్టుకుందని పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేశారు. చాలా బాగా చేశారు," అంది. వెక్కిరించిందో లేదో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు.

నాకు కావలసింది ఏడవడం కాదు, తెలుసుకోవడం. జ్వరం వచ్చి ఎన్నాళ్ళయింది, రోజూ గుప్పెడు వేస్తూనే ఉన్నాను కదా, మరి ఇన్నాళ్ళూ రొట్టె ఎలా బాగుంది? మొన్నటి ముక్క ఎలా బాగుంది? ఎవరు సర్దారు?

ఎవరో నాకు తెలుసు. అడగడానికే కాళ్ళు రావడం లేదు.

అదే రోజు, సాయంత్రం

వెళ్ళాను. దారిలో ఒక రొట్టె కొన్నాను, మనది కాదు, పక్క వీధి దుకాణంలోది. పెద్దమ్మ ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కుర్చీలో ఉంది.

"పెద్దమ్మా, అడుగుతాను. నువ్వు చెప్పినంతసేపూ నోట్లో రొట్టె పెట్టుకుని నములుతూ ఉంటాను. నువ్వు ఆపేదాకా మింగను."

"ఇదేం మొక్కు బాబూ?"

అప్పటికే పెద్ద ముక్క కుక్కుకున్నాను. కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాను.

"నీ గుప్పెడు నాకు తెలుసు," అంది. "నువ్వు వేస్తావని తెలుసు. అందుకని ముందే అంత ఉప్పు తగ్గించి కలిపేదాన్ని. మామూలు పిండిలో గుప్పెడు తక్కువ. ఆసుపత్రి పిండిలో అయితే అసలు ఉప్పే వేసేదాన్ని కాదు, నీ గుప్పెడే దానికి సరిపోయేది. నువ్వొచ్చిన రోజు మీ బావమరిదితో గొడవ అదే. నీకు రుచి తెలియడం లేదని వాళ్ళ అక్క దగ్గర విని, చెప్పేద్దాం అన్నాడు వాడు. పోనీలే, జ్వరం నుంచి లేచాడు, నాలుగు రోజుల్లో నాలుక తిరిగొస్తుంది అన్నాను నేను. రాలేదు."

నములుతున్నాను.

"తర్వాత మూత పెట్టావు. సంతోషపడ్డాను. ధైర్యం చేసి కొట్టాను కూడా. ఉప్పు సంగతి అన్నానో లేదో, నువ్వు లోకానికి ఉప్పు అని ఎత్తుకున్నావు. బాగా చెప్పావులే. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది, నేను చెప్పాలనుకున్నది చెప్పనే లేదని."

ఆ ముక్క నోట్లో ముద్దయిపోయింది. దవడ నొప్పి. అన్ని వైపుల నుంచీ లేఖనాలు తోసుకొస్తున్నాయి నాలుక మీదికి, ఒక్కొక్కటీ ఎంత చక్కగా అతుకుతుందో! నమిలాను.

"కాపాడుతున్నాననుకున్నాను బాబూ. పాపం వదిన మీదికి వచ్చింది."

ఆపింది. మింగాను. అప్పుడు నా నోట్లో ఏ వాక్యమూ లేదు. "ఇంకా ఉందా?" అన్నాను.

ఆమె పక్కనున్న పీట నా వైపు జరిపింది.

"ఉంది. కూర్చో. ఇంకో ముక్క పెట్టుకో."

జూన్ 21, శుక్రవారం, పొద్దున

వదిన పనిలోకి రాలేదు. కబురు పెడితే "తీసేశారు కదా" అందట. ఓనరు మధ్యాహ్నం ఆసుపత్రికి బయల్దేరతాడు. ఆయన చేతిలోని కాగితంలో ఆమె పేరు ఉంటుంది.

బావమరిది మూతకి కొత్త తీగ కట్టాడు. బట్టీ పక్కన ఒక పళ్ళెంలో ఎండు రొట్టె ముక్కలు పెట్టాడు. "ఇవేంటి?" అన్నాను. "మాస్టరు నోటికి. మూత మోగితే ఒకటి పెట్టుకోవాలి. పెద్దమ్మ కబురు," అన్నాడు. గట్టిగా ఉన్నవే ఏరి పెట్టాడు, వెధవ. ఆసుపత్రి పిండి కాటా మీద కలిపారు. రుచి బావమరిది చూశాడు, డ్రైవరు చూశాడు. నేను చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంటికొచ్చేశాను.

నాలుక లేని మాస్టరుని ఎవరు ఉంచుకుంటారు? నిజమే. తీసేస్తే తీసేస్తాడు. బట్టీ బూడిద ఎత్తడానికి నాలుక అక్కర్లేదు. కానీ ఇంకొకటి ఇప్పుడే తట్టింది, రాస్తుంటేనే తట్టింది. వీళ్ళందరూ నాకెందుకు చెప్పలేదని ఇన్నాళ్ళు తవ్వుతున్నాను. మొన్న ఓనరు "ఏమంటారు మాస్టారూ" అని అడిగితే నేనేమన్నాను? మీ ఇష్టమండీ. ఆ నాలుగు వందల మందిలో నేనెక్కడ నిలబడ్డానో ఇప్పుడు కనిపిస్తోంది. రాజునూ కాను, ఆ ఒక్కణ్ణీ కాను. వరసలో ఉన్నాను.

ఆవిడ వెనక నుంచి అంటోంది: "రాస్తూ కూర్చుంటారా? పదకొండు కావస్తోంది."

నిజమే. రాయడం కూడా జవాబు చెప్పడమే కదా నీకు. చాలు. లే. చొక్కా మార్చుకోకుండా బేకరీకి వెళ్ళు, పిండి అంటినదే ఉండనీ. వెనక్కొచ్చిన రొట్టె ముక్క ఒకటి, మంచి ముక్క ఒకటి జేబులో వేసుకో. తీగ విప్పి మూత చంకలో పెట్టుకో, గరిటె మర్చిపోకు. ఓనరు గది తలుపు తట్టకు. మూత కొట్టు. ఉప్పు వేసింది నేను, నా నాలుక చచ్చిపోయింది, వదినని పిలిపించండి అను. మూడే మాటలు. నాలుగోది నోటికొస్తే రొట్టె నమలు. రేపు కాదు, ప్రార్థన అయ్యాక కాదు, ఆయన చెప్పులు వేసుకునేలోపు. నడు!